ఒక్క దీర్ఘం

2006 డిసెంబరు. తెనాలిలో చేపలు, రొయ్యలు కొనే కంపెనీ ఆఫీసు. మాట్లాడేది అక్కడ కంప్యూటరు చూసే నాసిర్, అడవులదీవిలోని ఆ కంపెనీ డిపో నుంచి వచ్చిన కుమారి.

"కూర్చో చెల్లెమ్మా, టీ చెప్తాను."

"వద్దండి అన్నయ్యా. మూడింటి బస్సుకి వెళ్ళిపోవాలి. సంతకం ఎక్కడ పెట్టాలో చూపించండి."

"చదవకుండానే పెడతావా?"

"చదివేదేముందండి. మనిద్దరం చాటింగులో కొట్టుకున్న మాటలేగా."

"ఇక నుంచి అవి మాటలు కాదంట, రికార్డంట. ఉత్తరాల్లాగే ప్రింటు తీసి, పక్కన తెలుగులో రాసి, పంపినవాళ్ళ సంతకంతో ఫైల్లో పెట్టాలంట. ఇన్నాళ్ళూ శనివారం శనివారం తుడిచేసేవాణ్ణి."

"తుపాను రోజుది కూడా తుడిచేస్తే పోయేదిగా."

"తుడుద్దామనే కూర్చున్నాను. చెయ్యి రాలేదు."

"ఎందుకులెండి. ఇటివ్వండి, పెడతాను."

"ఆగు. ఐసు లోడు, డీజిలు, అన్నీ రాసేశాను. ఒక్క లైను వదిలేశాను. పొద్దున పదింటిది."

"ఏంటి అందులో?"

"'మావాళ్ళు ఈ రోజు వేటకి'... ఆ తర్వాత మాట. ఇంగ్లీషు అక్షరాల్లో కొట్టావుగా. వెళ్ళారు అనీ చదవొచ్చు, వెళ్ళరు అనీ చదవొచ్చు."

"మనం ఎప్పుడూ దీర్ఘాలు కొట్టంగా."

"కొట్టం. నేను వెళ్ళరు అని చదివాను. మధ్యాహ్నం రేవు నుంచి ఫోన్ చేసి, మీ బోటు సముద్రంలో ఉందా, వెతకటానికి పంపాలా అని అడిగారు. లేదండి, మావాళ్ళు ఇవాళ వెళ్ళలేదు అన్నాను. సాయంత్రానికి నీకు కరెంటూ లేదు, ఫోనూ లేదు."

"ఇప్పుడెందుకండి అవన్నీ."

"మీ ఆయన నాగబాబుని నేనే చంపుకున్నాను చెల్లెమ్మా. ఆ మాట ఇంట్లో కూడా చెప్పలేదు. నీ మొహం చూడటానికి భయమేసి దినానికి కూడా రాలేదు."

"చూశాను. రాలేదని చూశాను."

"నన్ను తిట్టు. ఒక్క మాటన్నా తిట్టు."

"మేనేజరు గారు ఏమన్నారు? ఆ లైను ఎలా రాయమన్నారు?"

"నరసింహారావు గారా? దీర్ఘం పెట్టొద్దన్నారు. వెళ్ళరు అని రాస్తే ఆఫీసుకి ఏ గొడవా ఉండదంట. తప్పుడు కబురు డిపో నుంచే వచ్చిందని..."

"అంటే నా మీదకి వచ్చిద్ది."

"రాదు. నేను రానివ్వను. దీర్ఘం పెట్టేస్తున్నాను. కుమారి సరిగానే పంపింది, నేనే తప్పు చదివానని కింద రాసి సంతకం పెడతాను. ఉద్యోగం పోతే పోయిద్ది. ఆ పెన్ను ఇటివ్వు."

"వద్దండి."

"ఇవ్వు చెల్లెమ్మా. నీకు నేను చెయ్యగలిగింది ఇదొక్కటే."

"వద్దన్నయ్యా. దీర్ఘం పెట్టొద్దు."

"భయపడతావెందుకు? నువ్వు కొట్టింది అదేగా."

"నెల నుంచీ ఆ పాపం మీదేనని రేవులో అందరూ అంటంటే వింటా ఊరుకున్నాను. నోరు రాలేదు. ఇక నా వల్ల కాదు."

"ఏంటమ్మా?"

"మీరు సరిగానే చదివారండి. నేను వెళ్ళరనే కొట్టాను. గాలి బాగాలేదు, ఇవాళ వెళ్ళనులే అని పొద్దున నాతో చెప్పాడు. అలా చెప్పి వేటకే వెళ్ళాడు."