రెండు వేళ్ళ అంచు

తత్చాన్, కాసేపు నా పక్కనే నిలబడు నాన్నా. అల్లరి చెయ్యకు. అమ్మ పెద్దవాళ్ళ ముందు నాలుగు మాటలు చదవాలి.

ఈ సభకు అధ్యక్షులుగా ఉన్న చిచిబు మెకానిక్కుల సంఘం పెద్ద నెగిషి గారికి, వేదిక మీది పెద్దలకు, కనుమ దారిలో బళ్ళు నడిపే పిల్లలందరికీ, నలభై నాలుగేళ్ళ టైర్ల దుకాణాన్ని ఈ రోజుతో మూసేస్తున్న ఇగరాషి గారికి వంగి నమస్కారం చేస్తున్నాను. నా పేరు కుసకాబె తోమోయె. కనుమ దిగగానే వచ్చే మొదటి మలుపులో అన్నం హోటల్ నాదే. నేను తొమ్మిదో తరగతితో బడి మానేశాను, కష్టమైన అక్షరాలు రావు, అందుకని చిన్నపిల్లలు ముందుగా నేర్చుకునే తేలిక అక్షరాల్లో రాసుకొచ్చాను. మధ్యలో ఎక్కడైనా ఆగితే చదవడం రాక ఆగిందనుకోండి, వేరే ఏమీ అనుకోకండి.

ఇగరాషి గారి గురించి మంచి మాటలు చెప్పమని నెగిషి గారు అడిగారు. ఆయన నోటి దురుసు గురించి చెప్పకుండా మంచి ఎలా చెప్పాలో నాకు తెలియదు. (నవ్వులు) ఒకసారి టోక్యో నుంచి ఒకబ్బాయి వెయ్యి సీసీ బండి మీద వచ్చి, పోటీల్లో వాడే టైర్లే కావాలని పట్టుబట్టాడు. అన్నం డబ్బాలు ఇవ్వడానికి వెళ్ళి నేనూ అక్కడే ఉన్నాను. ఈయన తల ఎత్తకుండానే, "దుప్పటి తెచ్చుకున్నావా?" అన్నారు. "దుప్పటెందుకండీ?" అన్నాడు వాడు. "పందెంలో దిగే ముందు ఆ టైర్లకి కరెంటు దుప్పటి చుట్టి వేడి చేస్తారు నాయనా. వేడెక్కితే జిగురులా పట్టుకుంటాయి, లేకపోతే కొయ్యముక్కలే. పొద్దున్నే మంచులో కొండెక్కుతావు, రెండు వందల గుర్రాల బలం ఉన్న బండి. మధ్యలో ఆగి దానికి దుప్పటి కప్పి జోల పాడతావా?" అన్నారు. (నవ్వులు) ఆ అబ్బాయి వానలోనూ చలిలోనూ పట్టు వదలని మామూలు దారి టైర్లు వేయించుకుని, మూతి ముడుచుకుని వెళ్ళాడు. ఇప్పుడు ఆ నాలుగో వరుసలో ఇద్దరు పిల్లల్ని ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నది అతనే. బాగున్నావా బాబూ.

మా తత్చాన్‌కి, అదే మా అబ్బాయి తాత్సుహికోకి కూడా టైర్లు వేసింది ఇగరాషి గారే. ఇది నేను చెప్పక్కర్లేదు, ఊరందరికీ తెలుసు. ఏడేళ్ళ కిందటి మాట. వాడికి ఇరవై నాలుగు. ఆ రోజు ఈయన అడిగిన ప్రశ్నలు నాకింకా గుర్తున్నాయి. ఏ దారిలో తిరుగుతావు, ఎన్ని గంటలకి బయల్దేరతావు, వాన పడితే ఇంట్లో ఉంటావా బయటికి పోతావా, నీ బరువెంత. పెళ్ళిచూపుల్లో కూడా ఎవరూ అన్ని అడగరు. చివరికి మంచి టైర్లే వేశారు. కొత్త టైరు మీద నున్నటి పొర ఉంటుందనీ, అది అరిగేదాకా వంద కిలోమీటర్లు మెల్లగా తొక్కమనీ చెప్పి, ఆ మాట వాడిచేత మూడుసార్లు అనిపించారు. వాడు విన్నాడు. వంద కాదు, రెండు వందల కిలోమీటర్లు మెల్లగా నడిపాడు. టైర్ల తప్పు కాదు, ఇగరాషి గారి తప్పు అసలే కాదు.

తప్పు ఎక్కడుందో చెప్పాలనే ఈ రోజు వచ్చాను.

బళ్ళు నడిపేవాళ్ళకి తెలుసు, తెలియనివాళ్ళ కోసం చెబుతాను. మలుపులో బండి ఎంత వాలిస్తే టైరు అంత పక్కదాకా అరుగుతుంది. వాల్చకపోతే రెండు అంచుల్లో కొత్త రబ్బరు అలాగే మిగిలిపోతుంది. ఈ మిగిలిన అంచు అంటే పిల్లలకి ఎంత సిగ్గో. కొండ మీద బళ్ళు ఆపుకున్న చోట ఒకరి టైరు ఒకరు వంగి చూసుకుంటారు. మావాడికి రెండు వేళ్ళ వెడల్పు మిగిలింది. "ఒరేయ్, నీ టైరింకా పీటల మీద పెళ్ళికూతురిలా సిగ్గుపడుతోందిరా" అని నోజావా ఏడిపించేవాడు. నోజావా, తల దించుకోకు. నిన్ను అనడానికి రాలేదు. నువ్వు స్నేహితుడివి, స్నేహితులు ఏడిపిస్తారు.

శుక్రవారం సాయంత్రం హోటల్ పెరట్లో వాడు బండి కడుగుతున్నాడు, నేను ముల్లంగి కడుగుతున్నాను. వాడే చూపించాడు, "చూడమ్మా, ఎంత మిగిలిపోయిందో" అని. నాకు టైర్ల గురించి ఏం తెలుసు? నాకు తెలిసింది అన్నం గిన్నె ఒక్కటే. నేను నవ్వి అన్నాను, "గిన్నె అంచుకి ఒక్క మెతుకు మిగల్చకుండా పెంచానురా నిన్ను. అంత మంచి టైరు కొనుక్కుని రెండు వేళ్ళ మేర పారేస్తావా? ఏం బుద్ధిరా" అని. వాడూ నవ్వాడు. "సరే అమ్మా, ఊడ్చేస్తాలే" అన్నాడు.

ఆదివారం పొద్దున్న చలి. నవంబరు, దారంతా తడి ఆకులు. మిగిలింది మీకు తెలుసు.

(మౌనం)

ఇక్కడ ఆగింది చదవడం రాక కాదు.

ఈ మాట ఏడేళ్ళలో ఎవరికీ చెప్పలేదు. వాడి ఫొటో ముందు రోజూ అన్నం పెడతాను, వాడికీ చెప్పలేదు. ఇగరాషి గారు ఆ వెనక టైరు తెచ్చి తన దుకాణం గోడకి తగిలించుకున్నారని, ఎవరిదో చెప్పకుండా కుర్రాళ్ళందరికీ దాన్ని చూపిస్తున్నారని విన్నాను. ఆ గోడ చూడలేక దుకాణానికి వెళ్ళడమే మానేశాను. పోయిన వారం వెళ్ళక తప్పలేదు. మా నాహో, తాత్సుహికో చెల్లెలు, తన చేతి కష్టంతో బండి కొనుక్కుంది. అన్నయ్య బండి ఎంత పెద్దదో ఇదీ అంత పెద్దది. వద్దని మూడు నెలలు మాట్లాడటం మానేసి చూశాను. దానికి నా మొండితనమే వచ్చింది.

అప్పుడు చూశాను గోడ మీద. కుడి పక్క అంచు మొత్తం అరిగిపోయి ఉంది. ఎడమ పక్క ఒక వేలు వెడల్పు మిగిలి ఉంది. వాడు పోయింది ఎడమ మలుపులో. సగం ఊడ్చాడు, ఇంకో సగం ఊడవబోయాడు. ఇగరాషి గారు ముక్కాలి పీట తెచ్చి నన్ను కూర్చోబెట్టారు.

నాహోకి ఆయన మూడు జతలు చూపించారు. అది వెంటనే పోటీ టైర్ల మీద చెయ్యి వేసింది. "తాతయ్యా, ఇవి బాగా పట్టుకుంటాయి కదా?" అంది. "పట్టుకుంటాయి, ఎండాకాలం మధ్యాహ్నం పందెం మైదానంలో. నువ్వు నర్సువి, డ్యూటీ దిగి పొద్దున ఆరింటికి ఇంటికొస్తావు. ఈ మూడోది తీసుకో, చల్లగా ఉన్నా పట్టుకుంటుంది, తడిలోనూ పట్టుకుంటుంది. చూడ్డానికి మీ అమ్మలా ఉంటుంది, నమ్మొచ్చు" అన్నారు. నేను అడిగాను, "ఇగరాషి గారూ, వీటిలో ఏది వేస్తే తప్పకుండా ఇంటికొస్తుంది?" అని. ఆయన చాలాసేపు చేతులు తుడుచుకుని, "అలాంటి టైరు ఇంకా తయారుకాలేదమ్మా" అన్నారు. నలభై నాలుగేళ్ళు అబద్ధం చెప్పకుండా సరుకు అమ్మిన మనిషి, ఆ ఒక్కరోజు అబద్ధం చెబితే ఏం పోయింది అనిపించింది.

నాహో మూడో జతే తీసుకుంది. ఆయన చేత్తో వేసిన ఆఖరి జత అదే. బయటికి వస్తూ, గోడ మీది టైరు వైపు చూసి, మెల్లగా అంది, "అన్నయ్యది ఎడమ పక్క ఇంకా మిగిలే ఉందమ్మా. అది నేను పూర్తిచేస్తా."

అప్పటినుంచి నాకు అన్నం ఉడికే వాసన కూడా తెలియడం లేదు. కనుమ మీంచి బండి దిగే శబ్దం వస్తే గరిటె పట్టుకున్న చెయ్యి అలాగే ఆగిపోతుంది. అది మలుపు తిరిగి హోటల్ దాటేదాకా ఊపిరి తీసుకోను. కొత్త టైర్ల మీద నాహో కొండెక్కేది రేపు పొద్దున్నే. రేపటినుంచి ఆ దుకాణం ఉండదు, దురుసుగా వద్దని చెప్పే నోరూ ఉండదు.

అందుకని నాహో, మూడో వరుసలో కూర్చుని నన్ను గుర్రుగా చూస్తున్నావు కదా, ఇంత మంది ముందు చెబుతున్నాను, ఇంట్లో చెప్పే ధైర్యం లేక. ఆ మాట అన్నయ్యతో అన్నది నేను. అంచు మిగల్చకూడదని చెప్పింది నీ అమ్మే. టైరు అన్నం గిన్నె కాదని నాకు తెలియలేదు. దాన్ని ఊడవక్కర్లేదు తల్లీ. రెండు వేళ్ళు కాదు, నాలుగు వేళ్ళు మిగుల్చుకో. అన్నయ్య పని ఏదీ సగంలో ఆగిపోలేదు, నువ్వు పూర్తిచెయ్యాల్సింది ఏదీ లేదు. ఇప్పుడు జవాబు చెప్పక్కర్లేదు. రేపు కొండ దిగి వచ్చేటప్పుడు హోటల్ ముందు ఆగు. నేను టైరు చూడను. నీ మొహం చూస్తాను, చాలు.

ఇగరాషి గారూ, గోడ మీది టైరు ఏం చెయ్యాలని నిన్న ఫోన్ చేసి అడిగారు. నాకు ఇచ్చెయ్యండి. అన్నం వడ్డించే బల్ల ఎదురుగా తగిలిస్తాను. ఎవరిదని అడిగితే, మీలా దాచను, చెబుతాను. మీరు వాడికి వేసింది మంచి టైరు. ఏడేళ్ళు మీరు నా కళ్ళలోకి చూడలేకపోయారు, నేను మీ దుకాణంలోకి రాలేకపోయాను. ఇద్దరిలో తప్పు లేనివాళ్ళు మీరు. మీ నోటి దురుసుకి, మీ చేతులకి, ఆ పీటకి కృతజ్ఞతలు.

ఓపిగ్గా విన్నందుకు నెగిషి గారికి, మీ అందరికీ కృతజ్ఞతలు చెప్పి సెలవు తీసుకుంటున్నాను. వెనక గదిలో సోయా గింజల మిసో ముద్ద రాసి కాల్చిన పంది మాంసం, అన్నం పెట్టించాను, పొద్దున నాలుగింటినుంచి నేనే వండాను. గిన్నెలో మెతుకులు మిగిలినా ఎవరినీ ఏమీ అనను. వేడిగా ఉన్నప్పుడే, కడుపు నిండా తినండి.