కూత వెయ్యని బండి

ఆసుపత్రి వార్డులోంచి బయటికొచ్చిన లాయరుగారితో మాట్లాడి, అక్క లోపలికి వచ్చి తమ్ముడి మంచం పక్కన కూలబడింది. దుప్పటి కింద అతని ఎడమకాలు మోకాలి దాకానే ఉంది.

"కదిలే రైల్లోంచి నేను ఎక్కొద్దని అరిచానని లాయరుగారితో చెప్పావటగా?"

"చెప్పాను. లేకపోతే కోర్టులో అందరిముందూ నిన్నే దోషిని చేస్తారక్కా."

"చెయ్యనీరా. పరిగెత్తు, ఎక్కెయ్ అని గొంతు చించుకుంది నేనేగా! నోరు మూసుకుని ఉంటే తర్వాతి బండికి వచ్చేవాడివి."

"నా కాళ్లతో నేనే పరిగెత్తాను, నేనే జారి పడ్డాను. నీ తప్పేముంది?"

"నాకు ముద్ద దిగడం లేదురా. అందుకే ఆయనకి ఉన్నదున్నట్టు చెప్పేశాను."

"అయ్యో, కేసు పోతుందేమోనే!"

"పోదట. కూత వెయ్యకుండా బండి కదిలించడం రైల్వేవాళ్ల తప్పేనట. అదే సాక్ష్యం చెప్పమన్నారు. కేసు నిలబడుతుందన్నారు."

"ఇంకేం మరి! ఏడుపెందుకు?"

"కేసు నిలబడితే నువ్వు నిలబడతావట్రా?"

తమ్ముడు దుప్పటి పక్కకి తోశాడు.

"నీ భుజం ఇలా ఇవ్వు. చూద్దాం."

ఆమె కళ్లు తుడుచుకుని వంగింది.