పసుపు పెట్టిన టేషన్ తలుపు

"అమ్మమ్మా, మన టేషన్ ఒకప్పుడు మూతపడ్డదట గదా, మళ్ల ఎట్ల తెరిసిన్రు?"

ఎట్ల తెరిసిన్రా? మా ఇంటి తలుపు పీకి తెరిసిన్రు బిడ్డా. నవ్వకు, నిజమే చెప్తున్న. జర గా తమలపాకుల డబ్బి ఇటియ్యి.

రజాకార్ల గడబిడల టేషన్ మాస్టర్ పెండ్లాం పిల్లలను తీస్కొని ఎల్లిపాయె. మళ్ల ఎవ్వరు రాలె. పోలీస్ యాక్షన్ అయినంక గూడ బండ్లు తాండూరుకు పోతుండె, వికారాబాద్‌కు పోతుండె, మనూర్ల మాత్రం ఆగకపోతుండె. మిగిలింది ఒక్క యాకూబ్ మామ, పట్టాలు మార్చెటాయన. తాళంచెవులు ఆయన తాననే. ఒక్కడు ఎన్నని కాస్తడు? ఊరోళ్లు ఒక్కొక్కటే మోసుకపోయిన్రు. బల్ల మా బావ ఇంటికొచ్చె. దాని మీద పండుకొని నడుం నొప్పని ఏడుస్తుండె, అయినా ఇడువకపోతుండె. గంట బడికి పాయె. తలుపు మేం తెచ్చి మా ఇంటికి పెట్టుకున్నం. అబద్ధమెందుకు, నేనే తెమ్మన్న. టేకుది, మస్తు బరువు.

గప్పుడే మీ అమ్మ కాలికి పుండు లేసి ఎముక దాంక పోయింది. రెండేండ్ల పిల్ల... కాదు కాదు, మూడోది నడుస్తుండె. ఎనిమిది దినాలకొకసారి తెచ్చి కట్టు కట్టించాలె, లేకుంటే కాలు తీసేయాలె అన్నడు వికారాబాద్ దవాఖాన్ల డాక్టరు. ఎడ్లబండి కట్టుకొని పోతే పొద్దంత పడుతుండె. చక్రం గుంతల పడ్డప్పుడల్ల పిల్ల అరుస్తుంటే నా పానం పోతుండె. కండ్ల ముందటికెల్లే రైలు ఉరుకుతుంటే నాకెట్లుంటది, నువ్వే చెప్పు.

అట్లుండంగ రైల్వే ఆఫీసరు వస్తుండని యాకూబ్ మామ చెప్పిండు. సామాను సక్కగుంటే బండి ఆపమని రాస్తడట, లేకుంటే కూలగొట్టుమని రాస్తడట. ఇగ ఊరంత పరేషాన్. తిరిగిస్తే దొంగలమని మనమే ఒప్పుకున్నట్టు గదా? మీ తాత తలుపుకు అడ్డం నిలవడ్డడు. "జైల్ల ఏస్తరే" అన్నడు. "ఏస్తే నన్నెయ్యని. పిల్ల కాలు పోతే నువ్వు తెస్తవా?" అన్న. గడ్డపార తెచ్చి తనే ఊడబెరికిండు.

మమ్ముల చూసి అందరు తెచ్చిన్రు. బల్ల, గంట, కుర్చీలు ఎక్కడియక్కడ పెట్టిన్రు. తలుపు గోడకు ఆనిచ్చినం, బిగిచ్చే టైమే లేదు. గంతట్ల ఆఫీసరు పట్టాల ట్రాలీ మీద రానే వచ్చిండు, నలుగురు నూకుతుంటే. అన్ని చూసుకుంట వచ్చి తలుపు కాడ ఆగిండు.

అయ్యో, నా తెలివి సల్లగుండ! ఆనాడు శుక్రవారం. పొద్దుగాల లేస్తనే, పీకకముందే, అలవాటుకొద్ది తలుపుకు పసుపు రాసి బొట్లు పెట్టిన. ఇంక తడి గూడ ఆరలె.

"ఇదెక్కడిది?" అన్నడు.

"నా ఇంట్ల భద్రంగ పెట్టిన సాబ్" అన్నడు యాకూబ్ మామ.

"మీ ఇంట్ల తలుపులకు పసుపు పెడ్తరా?"

మామ మొకం తెల్లగయ్యింది. ఆయన కొలువు పాయె అనుకున్నం. పిల్లను సంకనేసుకొని ముందటికి పోయిన. "ఆయన తప్పు లేదు సారూ. తలుపు నేను తీస్కపోయిన. జైల్ల ఏస్తే నన్నెయ్యి, బండి మాత్రం ఆపు" అని పిల్ల కాలు కట్టు ఇప్పి చూపెట్టిన.

ఆఫీసరు వంగి పుండు చూసిండు.

"కట్టు కట్టమ్మా, ఈగలు వాల్తయి" అన్నడు. మామ దిక్కు తిరిగి, "తలుపు బిగించు" అన్నడు. గంతే.

బండి ఆగింది. మీ అమ్మకు కాలు దక్కింది. మా ఇంటికి ఏడాది దాంక గోనెపట్టనే తలుపు, కుక్కలు లోపటికొస్తుంటే మీ తాత నన్ను తిడుతుండె. నేనేమో శుక్రవారం శుక్రవారం పసుపు పట్టుకొని టేషన్‌కు పోతుంటి. యాకూబ్ మామ బండి పోయినంక తలుపు దగ్గరికేసి పట్టుకొని నిలవడుతుండె, నాకు సక్కగ రాయొస్తదని.

రేపు నువ్వు గూడ ఆన్నే బండి ఎక్కుతవు గదా. పైలంగ పో బిడ్డా, నీ కాళ్లకు ముల్లు గూడ ఇరగొద్దు...