రాతిబొమ్మకు నేను పెట్టిన ముక్కు

వయసు యాభై మూడేళ్లు. వృత్తి, విరిగిన రాతిబొమ్మలు, మట్టిబొమ్మలు బాగుచేయడం. నన్నందరూ అతుకులక్క అంటారు. అసలు పేరుతో పిలిచేవాళ్లు ఇప్పుడెవరూ లేరు. అధికారిగారూ, ఇది నా ఇష్టంతోనే చెబుతున్నాను.

పోయిన ఏడాది మార్చి పద్నాలుగున, ఉదయం పది గంటలకు, మా తమ్ముడు వ్యానులో ఒక రాతిబొమ్మను తెచ్చి మా షెడ్డులో దింపాడు. రెండున్నర అడుగుల ఆడమనిషి బొమ్మ. ముక్కు విరిగిపోయి ఉంది. "కొత్తదానిలా కనబడేట్టు రంగు వెయ్యక్కా, విదేశాలకు పోతోంది. ఇంకేం ముట్టుకోకు" అన్నాడు.

కడుగుతుంటే పాదాలు చూశాను. వేళ్లు అరిగి నున్నగా ఉన్నాయి. ఎన్ని తరాలవాళ్లు తాకితే రాయి అలా అరుగుతుంది! ఇది ఎక్కడో జనం మొక్కుకునే బొమ్మ, ఎత్తుకొచ్చారు అని అప్పుడే తెలిసింది. తెలిసీ నోరు మెదపలేదు. అది నా తప్పు.

రెండో తప్పు నా చేతులది. అవి ఊరుకోవు. ముక్కు లేని మొహాన్ని గడప దాటించడానికి మనసొప్పలేదు. రెండు మధ్యాహ్నాలు కూర్చుని, రాతిపొడి, జిగురు కలిపి ముక్కు పెట్టాను. తమ్ముడు చూసి "ఎవరు పెట్టమన్నారక్కా నిన్ను!" అని కేకలేశాడు. కాసేపు చూసి "భలే కుదిరింది" అని కూడా అన్నాడు.

సోమవారం మీరు నన్ను పిలిపించి రెండు ఫోటోలు చూపించారు. ఒకటి దొంగతనానికి ముందు తీసింది, రెండోది పరదేశపు కస్టమ్స్ గిడ్డంగిలో తీసింది. దేశాల మధ్య ఒప్పందం ప్రకారం దొంగసొత్తు తిరిగి ఇవ్వాలట. కానీ అది మనదేనని మనమే రుజువు చేయాలట. కొన్నవాడి వకీలేమో "ఆ బొమ్మకు ముక్కు లేదు, దీనికుంది, ఇది వేరే బొమ్మ" అంటున్నాడట. శుక్రవారంలోగా రుజువు చూపకపోతే బొమ్మ కొన్నవాడికే పోతుందని చెప్పి మీరు తలపట్టుకున్నారు. నాకు ముందు నవ్వొచ్చింది. ఇంటికెళ్లాక ఏడుపొచ్చింది.

నిన్న తమ్ముడు వచ్చి నా కాళ్ల దగ్గర కూర్చున్నాడు. "ఆ ముక్కు నువ్వు పెట్టలేదని చెప్పక్కా, చాలు. నేను లోపలికి పోతే పిల్లల గతేంటి?" అన్నాడు.

"నీ నాలుగో ఏటినుంచీ నిన్ను పెంచాన్రా. వాళ్లనీ పెంచుతాలే" అన్నాను. ఏమీ తినకుండా వెళ్లిపోయాడు.

ఆ ముక్కు నాదే. దానిమీద ఉలి పెట్టనివ్వకండి. స్పిరిటుతో తడిపిన గుడ్డ గంటసేపు చుట్టి ఉంచితే జిగురు కరిగి చేత్తోనే ఊడొస్తుంది. కింద పాత విరిగిన చోటు అలాగే ఉంది, దాన్ని నేను అరగదీయలేదు. ఫోటోతో పోల్చి చూసుకోవచ్చు. రమ్మంటే నేనే వచ్చి తీస్తాను. ఇన్నేళ్లలో నా చేతికి అంత బాగా కుదిరిన పని ఇంకొకటి లేదు.

ఇదంతా చదివి వినిపించారు, విన్నాను. సోమవారం నేను చెప్పగా మీరు రాసుకున్న "మా తమ్ముడికి ఏమీ తెలియదు" అన్న వాక్యాన్ని నా ఎదుటే కొట్టేయించాను. మిగతాదంతా నేను చూసింది, నేను చేసింది.

(సంతకం)