నాలుగో వరుస

శామీర్‌పేటలోని తన గదిలో ఆమె అన్నం ముందు కూర్చుందో లేదో, మేడ్చల్ దాణా మిల్లు సూపర్‌వైజర్ ఫోన్ చేశాడు. అక్కడి మిక్సర్లను నడిపే యాప్ ఆమె రాసిందే.

“మేడం, ఐదో మిక్సర్ బటన్ నొక్కిన. కరెంటు లేదు. వచ్చినంక దానంతటదే తిరుగుతదా?”

“తిరుగుతుందండీ. మళ్లీ నొక్కక్కర్లేదు.”

“మంచిగైంది. నిన్న మీరు మార్చినంక యాప్‌ల మిక్సర్ల లిస్టు గూడ సాఫైంది. ఆపిన నాలుగోది అడుగుకు పోయింది.”

ఆమె చేతిలో ముద్ద ఆగిపోయింది.

“ఐదోది ఇప్పుడు పైనుంచి ఎన్నో వరుసలో ఉంది?”

“నాలుగో వరుసల. ఏమాయె?”

“ఆ బటన్ మిక్సర్ నంబరు పంపదండీ, వరుస నంబరే పంపుతుంది; మిల్లులో దాన్నే మిక్సర్ నంబరుగా తీసుకుంటుంది. లిస్టు మార్చాను గానీ అది మార్చడం మర్చిపోయాను. కరెంటొస్తే తిరిగేది నాలుగోది.”

ఆమె కంచం పక్కకు నెట్టి లేచింది.

“నాలుగోది ఎందుకు ఆపారు?”

“కడగనీకి. మా పనోడు ఎలీషా లోపలికి దిగిండు.”

“మెయిన్ స్విచ్ దించారా?”

“మునుపైతే ఫ్యూజు పీకి, జేబుల ఏసుకొని దిగేటోడు. యాప్‌ల ఆపినం గదా అని...”

“బయటికి పిలవండి ఆయన్ని!”

“సిగ్నల్ కోసం గేటు దాకా వచ్చిన మేడం. యాప్‌ల ఆపాల్నా?”

“ఆ బటన్నీ నమ్మొద్దు. పరుగెత్తండి!”

“ఉరుకుతున్న... ఎలీషా! ఓ ఎలీషా!”

చెప్పుల చప్పుడు, రొప్పు. అంతలోనే రెండూ ఆగిపోయాయి.

“మేడం... లైట్లొచ్చినయ్.”