డాక్టరు బాబాయి సూది

బట్టల షాపు వెనక సందులో ఉన్న టీకొట్టు దగ్గర మధ్యాహ్నం భోజనాలయ్యాక అరగంట సేపు బల్ల మీద చోటు దొరకదు. టీ అంత గొప్పదేం కాదు. డాక్టరు బాబాయి కోతలు వేడివేడిగా దొరికేది అక్కడే. ఆ పేరులో డాక్టరు ఆయన తగిలించుకున్నది, బాబాయి జనం తగిలించింది. మొన్నమొన్నటిదాకా సెంటు సీసాలూ ముఖానికి రాసే క్రీములూ సంచీలో వేసుకుని ఇల్లిల్లూ తిరిగినవాడు కాస్తా, ఈమధ్య తాళాల కొట్టు మీద గది అద్దెకు తీసుకుని, ఒక వాలుకుర్చీ, ఒక నిలువుటద్దం పెట్టి, బయట ‘ముడతలు మాయం’ అని బోర్డు కొట్టించాడు. తెల్లకోటు టీ తాగడానికి వచ్చినప్పుడు కూడా విప్పడు. విప్పితే లోపల సెంట్లమ్ముకునే మనిషి కనబడతాడని భయం కాబోలు.

ఆ రోజు బల్ల చివర కౌంటరక్క కూర్చుంది. బట్టల షాపులో ఇరవై రెండేళ్లుగా కౌంటరు వెనకే నిలబడుతోంది కాబట్టి అందరికీ ఆమె కౌంటరక్కే. వయసు నలభై నాలుగు. కనుబొమల మధ్య నిలువుగా రెండు గీతలు. కిందటి వారం కొత్త మేనేజరు ఆమెను పిలిచి, “కౌంటరు దగ్గర ముఖాలు తాజాగా ఉండాలమ్మా. నెలాఖరుకు మిమ్మల్ని పై అంతస్తులో స్టాకు గదికి మారుస్తున్నాను,” అన్నాడు, వంకాయల గురించి మాట్లాడినంత తేలిగ్గా. స్టాకు గదికి కిటికీ లేదు. పొద్దుటి నుంచి సాయంత్రం దాకా పలకరించే మనిషి ఉండడు. ఇంటికెళ్లి అద్దం ముందు నిలబడి, రెండు వేళ్లతో నుదురు అటూ ఇటూ లాగి చూసుకుంది. మర్నాడే డాక్టరు బాబాయిని అడిగింది. ఇవాళ నాలుగింటికి రమ్మన్నాడు. ఇంట్లో ఆయనకు గానీ కూతురికి గానీ చెప్పలేదు.

కాస్త ధైర్యం వస్తుందేమోనని ఆయన మాటలు వింటూ కూర్చుంది.

“గొప్ప చెప్పుకోవడం నాకు చేతకాదు పెద్దమ్మా,” అని టీకొట్టు పెద్దమ్మ వైపు తిరిగి మొదలుపెట్టాడు బాబాయి. ఆయన ఏది మొదలుపెట్టినా ఆ మాటతోనే. “చిన్న పని చెబుతాను విను. టికెట్లిచ్చే గుమస్తా ఒకడొచ్చాడు, నుదుటి మీద సన్నగా రెండు గీతలు, అంతే. చిటికెలో పని. సూది ఇలా పెట్టాను, అలా తీశాను, అతను కళ్లు మూసి తెరిచేసరికి గీతలు లేవు.”

“అంతేనా?” అంది పెద్దమ్మ గ్లాసులు కడుగుతూ.

“అంతేనా అంటావేంటి! ఆ నుదురు ఎంత నున్నగా అయిందంటే ఈగ వాలితే నిలవడం లేదు. వాలిందీ, జారింది. మళ్లీ వాలిందీ, మళ్లీ జారింది. చివరికి ఈగలన్నీ పిల్లల్ని వెంటబెట్టుకుని జారుడుబల్ల ఆడుకోవడానికి వస్తున్నాయని అతనే వచ్చి మొత్తుకున్నాడు. సరే, అది పక్కన పెట్టు. డెబ్బై ఎనిమిదేళ్ల మామ్మ ఒకావిడ వచ్చింది, ముఖం చూస్తే ఎండిన ఉసిరికాయ, మనవరాలు చెయ్యి పట్టుకుని నడిపించుకొచ్చింది. అటో సూది, ఇటో సూది వేశాను. ఆ తర్వాత ఏమైందో తెలుసా?”

“లేచి పరిగెత్తిందా?” అన్నాడు తాళాల మేస్త్రీ. బాబాయి గది కింద తాళాల కొట్టు ఆయనదే.

“పరిగెత్తడమా! వెళ్లేటప్పుడు ఆ మామ్మే మనవరాలి చెయ్యి పట్టుకుని నడిపించింది. బస్సెక్కితే కండక్టరు అర టికెట్టు కొట్టాడు. ఇంటికెళ్తే తాతగారు గుమ్మంలోనే అడ్డంపడి, ‘ఎవరి పిల్లవమ్మా నువ్వు, మా ఆవిడ ఇంట్లో లేదు, తర్వాత రా’ అన్నాడు. నేనే స్వయంగా వెళ్లి, తాతా, ఈ పిల్ల నీ పెళ్లామే అని ఒట్టేసి చెప్పాల్సొచ్చింది.”

బల్ల మీద వాళ్లు గొల్లుమన్నారు. కౌంటరక్క కూడా నవ్వింది.

“ఎంతకాలం ఉంటుంది బాబాయ్ ఆ నునుపు?” అని అడిగింది.

“మంచి ప్రశ్న వేశావమ్మాయ్! పెద్ద పెద్ద ఆసుపత్రుల్లో వేయించుకుంటే నాలుగు నెలలు, మహా అయితే ఆరు. వాళ్ల చేతులు అలాంటివి. నా చేత్తో వేస్తే మనిషి పోయినా ముఖం పోదు. ఒకాయన నిజంగానే పోయాడు పాపం, నా సూది వల్ల కాదులే, వయసైపోయి. డాక్టరొచ్చి ముఖం చూసి, ఈ కుర్రాడు నిద్రపోతున్నాడు, లేపి కాఫీ ఇవ్వండని చెప్పి వెళ్లిపోయాడు. మూడుసార్లు వచ్చాడు, మూడుసార్లూ అదే మాట.”

“వాపులూ, పడకపోవడాలూ లాంటివేమీ ఉండవా?” కౌంటరక్క మళ్లీ అడిగింది. “నాకు రక్తం పల్చబడే మాత్రలున్నాయి. ఏం మాత్రలు వేసుకుంటానో నువ్వు అడగనే లేదు.”

“ఏ మాత్రలైనా నా మందు ముందు చేతులు కట్టుకుని నిలబడాల్సిందే! వాపుకి నేనంటే హడల్. సూది గుచ్చే ముందు రక్తనాళాలతో ఒక మాట చెబుతాను, తప్పుకోండమ్మా, నేనొస్తున్నాను అని. అవే పక్కకు జరిగి దారిస్తాయి. ఇదంతా ఎందుకు, మా వీధిలో రోడ్డు మీద ఇంత గుంత ఉండేది, లారీ చక్రం దిగితే పైకి రాదు. ఒకరోజు చేయి జారి మందు చుక్క ఒకటి అందులో పడింది. తెల్లారేసరికి రోడ్డు బుగ్గలా పొంగి సాపయింది! మున్సిపాలిటీ ఇంజనీరు పరిగెత్తుకొచ్చి, బాబాయిగారూ, ఊళ్లో గుంతలన్నీ మీకే రాసిస్తాం అన్నాడు. నేనే వద్దన్నాను. నేను మనుషుల డాక్టర్ని, తారు డాక్టర్ని కాదు! పక్కింటి గోడ మాత్రం మొహమాటానికి చేశాను. పైనుంచి కింద దాకా బీట. ఒక్క సూది. గోడ మూసుకుపోవడమే కాదు, ముప్పై ఏళ్ల కిందటి సున్నం రంగు తిరిగొచ్చేసింది!”

తాళాల మేస్త్రీ ఈసారి నవ్వలేదు. “రక్తనాళాలు జరుగుతాయా బాబాయ్?” అన్నాడు మెల్లగా. “మా మరదలు ఏదో పార్లర్లో ముక్కు పక్కన గుంట సూదిమందుతో నింపించుకుంది. మందు నాళంలోకి పోయింది. గంట తిరగకుండా ఎడమ కన్ను చీకటైపోయింది. ఆసుపత్రికి తీసుకెళ్లేసరికే ఆలస్యమైందన్నారు. ఆ కన్నుకు ఇప్పటికీ చూపు రాలేదు.”

పెద్దమ్మ కుళాయి కట్టేసింది.

“వాళ్లకు రాదు కాబట్టి అలా అయింది,” అన్నాడు డాక్టరు బాబాయి, రెప్ప కూడా వేయకుండా. “అదే నా దగ్గరికొచ్చి ఉంటే మూడో కన్ను కూడా తెరుచుకునేది.”

ఆ మాటకు కౌంటరక్కకు ఒళ్లు మండిపోయింది. ఒకామె కన్ను పోయిందంటే, దాని మీద కూడా ఒక కోత కోసి పారేశాడు. ఇలాంటివాడి ముందా తను తల వెనక్కి వాల్చి కళ్లు మూసుకోబోయింది?

“సరే బాబాయ్, నాకు వేయబోయే మందేదో చూపించు,” అంది.

“నీకెందుకమ్మాయ్, నీకేం అర్థమవుతుంది?”

“ఇరవై రెండేళ్లుగా బట్టల మీద చీటీలు చదువుతున్నాను. చీటీ లేని గుడ్డ నేను పది మందికి చూపించను. ముఖానికి ఎక్కించేది చూడకుండా ఎలా?”

అందరూ చూస్తున్నారు. తప్పక బాబాయి సంచీ తెరిచాడు. టిఫిను డబ్బా పక్కన, చెమట రుమాలు కింద, దూదిలో చుట్టిన చిన్న సీసా. ఎండకు గోరువెచ్చగా ఉంది. కౌంటరక్క దాన్ని వెలుతురుకు పట్టుకుని, చీటీ చుట్టూ తిప్పి చూసింది. తయారీ తేదీ ఉండాల్సిన చోట ఎవరో గీకేశారు. ఏ విడత సరుకో నంబరు లేదు. అడుగున చీమ తలకాయంత అక్షరాల్లో ఒక వరుస ఉంది. కూడబలుక్కుని పైకే చదివింది.

“‘ప్రయోగశాలల కోసం మాత్రమే. మనుషులకు వాడరాదు.’”

“అంటే,” అని బాబాయి గొంతు సవరించుకున్నాడు, “మామూలు మనుషులకు వాడరాదని. అందగత్తెలకే అని దానర్థం.”

కౌంటరక్క సీసాను గుప్పిట్లో పట్టుకుంది.

“ఎక్కడ కొన్నావు?”

“ఫోన్లో తెప్పించాను. అందరూ అలాగే...”

“సూది వేయడం ఎక్కడ నేర్చుకున్నావు?”

“ఎనిమిది దేశాల డాక్టర్లు నా దగ్గరే...”

“నువ్వెక్కడ నేర్చుకున్నావని అడిగాను బాబాయ్.”

డాక్టరు బాబాయి టీ గ్లాసులోకి చూశాడు. అందులో టీ లేదు.

తాళాల మేస్త్రీ లేచి వచ్చి ఆయన తెల్లకోటు కాలరు పట్టుకున్నాడు. మరదలి కన్ను మేస్త్రీ కళ్లలో కనబడుతోంది. “నా నెత్తిన కూర్చుని ఎంతమంది ముఖాలు పాడుచేశావు? ఆ గుమస్తా ఎక్కడ? ఆ ముసలావిడ ఎక్కడ? పద, చూపించు!”

“వదులు, మేస్త్రీ, వదులు! నా పిల్లల మీద ఒట్టు!” బాబాయి గొంతు పిల్లికూత అయిపోయింది. “గుమస్తా లేడు, మామ్మా లేదు. నేనింతవరకూ ఎవరికీ వేయలేదు. ఒక్కరికి కూడా. ఈ అక్కే మొదటిది!”

తనను తాను కాచుకోవడానికి చెప్పిన మాట అది. చెప్పేశాక తనే ఊపిరి పీల్చుకున్నాడు, పెద్ద బరువు దిగిపోయినట్టు.

కౌంటరక్క మాత్రం రెండు వేళ్లతో నుదురు తడుముకుంది. పెద్దమ్మ ఆమె భుజం మీద తడిచెయ్యి వేసి, బాబాయి వైపు తిరిగి, “కోతలు కోసుకు బతికావు, సరే. ఆడదాని ముఖం కొయ్యడానికి ఎలా చేతులొచ్చాయిరా నీకు?” అంది. ఆయన్ని ‘రా’ అనడం ఆవిడకు అదే మొదలు. మేస్త్రీ తన కొట్టు పైకెళ్లి మేకులు ఒక్కొక్కటే పీకి బోర్డును కిందకు విసిరేశాడు.

సీసాను కౌంటరక్క వదల్లేదు. రుమాలులో చుట్టుకుని తిన్నగా సర్కారు ఆసుపత్రికి వెళ్లి, చర్మవ్యాధుల డాక్టరమ్మ చేతిలో పెట్టింది. డాక్టరమ్మ చీటీ చదివి, మందుల తనిఖీ వాళ్లకు ఫోను చేసి, తర్వాత ఆమెను కూర్చోబెట్టింది.

“వేయించుకోవాలనిపిస్తే తప్పేం లేదు. వేసేవాళ్లు చదువుకున్న డాక్టరేనా అని కనుక్కో. సీసా నీ ఎదురుగానే మూత తీయాలి. నువ్వు వేసుకునే మాత్రలన్నీ ముందే చెప్పాలి. ఏదైనా తేడా చేస్తే అప్పటికప్పుడు చూసే ఏర్పాటుందా అని కూడా అడగాలి. ఇవన్నీ సరే, ముందు నాకొకటి చెప్పు. ఆ గీతలు నీకు అడ్డమా, మీ మేనేజరుకా?”

కౌంటరక్క దణ్ణం పెట్టి లేచింది. షాపుకు తిరిగొచ్చేసరికి నాలుగున్నర. నేరుగా మేనేజరు గదిలోకి వెళ్లి బల్ల ముందు నిలబడింది.

“స్టాకు గదికి మారుస్తానన్నారు కదా. కారణం కాగితం మీద రాసి, సంతకం పెట్టివ్వండి. ముఖం తాజాగా లేదని రాయండి. చదువుకుని వెళ్తాను.”

మేనేజరు కలం మూత తీశాడు. ఆమె ముఖంలోకి చూశాడు. కనుబొమల మధ్య ఆ రెండు గీతలు గట్టిగా బిగుసుకుని ఉన్నాయి. మెల్లగా మూత పెట్టేసి, “కౌంటరు దగ్గర ఎవరో ఎదురుచూస్తున్నట్టున్నారు, వెళ్లి చూడండి,” అన్నాడు.