సుంకులక్క బావి

సుంకులక్కని ఉండె. వడ్డెరోళ్ల ఆడమనిషి. మొగుడు పోయినంక గడ్డపార తానే పట్టుకున్యాది. గుట్ట కింద మా దిగువపల్లెకు తాగను నీళ్లు ల్యాకుంటే, నాలుగు నెలలు సున్నపురాయి పగలగొట్టి బావి తవ్విందంట. ఆరు నిలువుల లోతున రాతి సందులోనుంచి జల పడింది, చెయ్యి అడ్డం పెడితే తోసేసేంత జోరనుకో. రెండేండ్లు ఊరంతా ఆ నీళ్లే తాగినారు. ఆమీట ఏమైందంటే, ఒక వానాకాలం నీళ్లు కంపు కొట్టబట్టె. పిల్లోళ్లకు వాంతులు, బేదులు. ఇద్దరు పసిబిడ్డలు పోయినారు కూడా. ఆడమనిషి తవ్వినందుకే ఇట్లయింది, పూడ్చేద్దాం పాండి అన్నారంట ఊరోళ్లు. ఆమె బావిలోకి దిగి, జలొచ్చే సందులో చెయ్యి పెట్టి దేవింది. చేతికి ఎద్దు వెంట్రుకలొచ్చినాయి.

ఇంగ నేరుగా గుట్టెక్కి అవతల ఎగువపల్లెకు పోయింది. ఆడ రాతిలో పెద్ద బిలం ఉండాది, అడుగు కనపడదు. ఆ ఊరోళ్లు సచ్చిన గొడ్లను దాంట్లోనే పారేస్తారు. పెద్దమనిషి మద్దిలేటిరెడ్డి దగ్గరికి పోయి, "సామీ, మీ బిలంలో పడిన వాననీళ్లే మా బావికొస్తాండాయి" అనింది. ఆయప్ప నవ్వినాడంట. నడుమ ఇంత గుట్ట ఉండాది, నీళ్లు దాన్ని తొలుచుకోని వస్తాయా అని. "సున్నపురాయి లోపలంతా సందులే సామీ, నీళ్లు దారి చేసుకోని నడుస్తాయి. నీలిమందులో నానబెట్టిన కొర్రపొట్టు బిలంలో పోయించు. మా బావికాడ నీ మనిషినే కూర్చోబెట్టు. పొట్టు తేలకుంటే నా బావి నేనే పూడుస్తా." సరే అన్నాడు.

మొదటి దినం ఏమీ ల్యా. రెండో దినమూ ల్యా. ఊరోళ్లు పారలు ఎత్తుకోని వచ్చి నిలబడినారంట. మూడోనాడు పొద్దెక్కేతలికి రెడ్డి మనిషి బొక్కెన చేదినాడు, చూస్తే నీలం పొట్టు. మళ్లా చేదినాడు, మళ్లా పొట్టే. రెడ్డి తానే వచ్చినాడు. దోసిట్లో పోసుకోని చూసి, "మీ బిడ్డలకు మేము ఇదా తాపింది, సుంకులక్కా" అన్నాడంట. ఆ వారమే బిలంలో ఎముకలన్నీ తోడించి, చుట్టూ గోడ పెట్టించినాడు. ఈడ పదకొండు దినాలు మోట తోలి పాతనీళ్లు వంచేసినారు. పూడ్చను తెచ్చిన పారలతోనే ఊరోళ్లు బావిచుట్టూ గట్టు సరిచేసినారు.

ఆమె మా నాయనకు జేజి, వాళ్ల నాయనకు అమ్మ. ఇప్పుడు ఆఫీసర్లొచ్చి మిషన్లు పెట్టి సూస్తాండారు, నీళ్లు యాడ్నించి యాడికి పోతాయని. సూడనీ పాపం. మీరిందాక తాగినారే చెంబుడు నీళ్లు, ఆ బావివే. ఎట్లుండాయో మీరే చెప్పండి.